కిటికీ బల్లకి ఉప్పు

మధ్యాహ్నం. ఖరీదైన హోటల్లో కిటికీ పక్క బల్ల. వదిన, ఆడపడుచు. మధ్యమధ్యలో వడ్డించే ఆయన.

"...అది కాదే, కిటికీ పక్కన కూర్చోబెట్టి కర్టెన్ మూసెయ్యడమేమిటి? పట్టపగలు ఈ కొవ్వొత్తి ఏమిటి? కరెంటు పోయిందా?"

"మెల్లగా వదినా. ఇలాంటి చోట్ల ఇలాగే ఉంటుంది."

"ఇన్ని చెంచాలు, ఇన్ని కత్తులు! మనకి అన్నం పెడతారా, ఆపరేషన్ చేస్తారా?"

"బయటి వైపు నుంచి ఒక్కోటీ వాడుకుంటూ రావాలట."

"వాడుకోవడానికి ముందు ఏదైనా తేవాలిగా. వచ్చి నలభై నిమిషాలైంది. ఇప్పటిదాకా తెచ్చింది నీళ్ళు. అదీ 'ఏ నీళ్ళు కావాలి' అని మూడు రకాలు చదివాక."

"తాగే నీళ్ళు అన్నావు. పాపం ఆయన మొహం వాడిపోయింది."

"సరే, కార్డులో ఏం రాశారో చదువు. ఈ చీకట్లో నాకు ఆనడం లేదు."

"'పొగలో సేదతీరిన దుంప.' 'అడవి జ్ఞాపకం.' 'క్యారెట్, మూడు మనఃస్థితుల్లో.'"

"క్యారెట్‌కి మనఃస్థితా! ఆ మూడింటిలో ఉడికిన స్థితి ఒకటైనా ఉందేమో కనుక్కో. రేట్లు రాయలేదేం?"

"రేటు చూసి తినేవాళ్ళు ఇక్కడికి రారట."

"మరి మనం వచ్చామే."

"వచ్చామా? నువ్వు లాక్కొచ్చావు. నెల ముందు నా చేత ఫోను చేయించి బల్ల పట్టించావు. అన్నయ్యకేం చెప్పావు?"

"కంటి డాక్టరు దగ్గరికని."

"అబద్ధం కదూ?"

"అబద్ధమేముంది? ఈ చీకట్లో ఇంకో గంట కూర్చుంటే నేరుగా అక్కడికే."

"ష్, ఆయన వస్తున్నాడు."

"ఆలస్యానికి మన్నించాలి మేడమ్. మీ రుచుల ప్రయాణంలో ఇది మొదటి మజిలీ. పొగలో సేదతీరిన దుంప. మూత తీస్తున్నాను. ముందు పొగని ఆస్వాదించండి."

"అమ్మో! ఏదో తగలబడిపోయింది బాబూ, తలుపులు తియ్యండి!"

"తగలబడలేదు వదినా, పొగ కావాలనే పెట్టారు."

"కావాలనే పెట్టారా? మా ఇంట్లో అయితే మాడిందంటాం. సరే, పొగ పోయింది. దుంప ఏదీ?"

"ఆ ఆకు కింద చూడండి మేడమ్."

"ఇదా! పళ్ళెం చెరువంత, దుంప చేపపిల్లంత. ఇది సేదతీరడం కాదు బాబూ, దీనికి పస్తు."

"వదినా, ముందు తిను."

"తిన్నా. అయిపోయింది కూడా, సగం. బాబూ, ఒక్క నిమిషం. ఇందులో ఉప్పు లేదు."

"ఉప్పు... లేదా మేడమ్?"

"ఒక్క రవ్వ లేదు. దీన్ని వండినావిణ్ణి ఒకసారి పిలవండి."

"మన్నించాలి మేడమ్. తప్పకుండా లోపల చెప్తాను."

"చెప్పడం కాదు, పిలవాలి. అరె, వెళ్ళిపోయాడు! చూశావా? మనిషిని పిలవమంటే పళ్ళెం పట్టుకుపోయాడు. అందులో ఇంకో ముక్క ఉంది."

"వదినా, నా దుంపలో ఉప్పు సరిపోయిందే. నువ్వు కావాలనే అంటున్నావు."

"కావాలనే అందామని ఇంటి దగ్గర అనుకునే బయలుదేరా. తీరా చూస్తే నిజంగానే లేదు. అబద్ధమాడే శ్రమ కూడా లేకుండా చేశారు."

"మళ్ళీ ఆ పేపరు ముక్క తీస్తున్నావా? మడతల దగ్గర చిరిగిపోతోంది."

"ఒక్కసారి చదువు."

"ఎన్నిసార్లు చదవను? 'ఈ వంటగదికి పెద్ద దిక్కు ఒక యువతి.' ఇదిగో ఫోటో. తెల్ల టోపీ."

"చిక్కింది."

"చిక్కలేదు, టోపీ పెద్దదైంది."

"కన్నదాన్ని నేను. చిక్కింది. చివరి మాట చదువు."

"'బాగుందన్నా, బాగాలేదన్నా, నేనే బల్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడతాను. అది నా పద్ధతి.'"

"అదీ! బాగాలేదంటే వచ్చి తీరాలి."

"మొదటి మాట వదిలేశావు. బాగుందన్నా వస్తుంది."

"నాకు రెండోదే చేతనవును."

"ఆరేళ్ళ తర్వాత కన్నకూతుర్ని చూడాలని వచ్చి, దాని వంటకి వంక పెట్టడమేమిటి వదినా? ఆ రోజు పిల్లని గడప దాటించింది ఈ నోరే కదా!"

"ఆ నోటితోనే వెనక్కి పిలుస్తా."

"తిన్నగా వెళ్ళి ఆ వంటగది తలుపు తట్టరాదూ?"

"తడితే? తలుపు తీసి 'ఎవరు మీరు' అంటే? అది విని నేను ఇంటికి నడిచి రాగలనా? ఇదైతే హోటల్ పద్ధతి, దాని ఇష్టాయిష్టాలతో పని లేదు. వచ్చి ఇక్కడ నిలబడాల్సిందే. నిలబడితే చాలు. నాలుగు దులిపినా సరే, విని వెళ్తా."

"నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!"

"ఆ సామెతలన్నీ నా ముందే గుర్తొస్తాయి నీకు. ఇదిగో వచ్చాడు. చేతిలో మళ్ళీ పళ్ళెమే. వెనకాల ఎవరూ లేరు."

"మన్నించాలి మేడమ్. మళ్ళీ కొత్తగా చేయించి తెచ్చాను."

"ఇప్పుడు ఉప్పు వేశారా?"

"మీ కోసమే ప్రత్యేకంగా చేశారు మేడమ్."

"నేనడిగింది ఉప్పు వేశారా అని."

"రుచి చూడండి మేడమ్."

"చూస్తున్నా... ఇదేమిటి! ఇందాక దాంట్లో ఉప్పు లేదన్నాను, నిజమే. కానీ ఆ కత్తికో చెంచాకో అంటుకున్నదైనా తగిలింది. ఇందులో అదీ లేదు! నాతో వేళాకోళమా?"

"అయ్యో, ఎంత మాట మేడమ్."

"పోనీ, ఉప్పు సీసా తెచ్చి ఇక్కడ పెట్టండి. నేనే వేసుకుంటా."

"ఉప్పు... సీసానా మేడమ్?"

"అవును. లోపల తెల్లగా ఉంటుంది. మూతకి చిల్లులుంటాయి."

"తప్పకుండా చూస్తాను మేడమ్."

"చూడ్డం కాదు, తేవాలి! అదిగో, మళ్ళీ మాయం. మొహం గమనించావా? ఉప్పు అడిగితే విషమడిగినట్టు కంగారుపడ్డాడు."

"పక్క బల్ల మీద ఉంది చూడు సీసా. అక్కడెవరూ లేరు. తెస్తానుండు."

"తే."

"...వదినా."

"ఏదే సీసా?"

"నేను చెయ్యి చాపుతుంటే ఆయన ఎటునుంచి వచ్చాడో వచ్చి, 'మన్నించాలి' అని పట్టుకెళ్ళిపోయాడు!"

"నీ చేతిలోంచా?"

"ఇంచుమించు. ఆ వెనక బల్ల మీదది కూడా తీసేశాడు. అదిగో, రెండు జేబుల్లో రెండు సీసాలు."

"ఇంత పెద్ద హోటలు, గుమ్మంలో ఇద్దరు వంగి దండాలు, కుర్చీ లాగడానికి ఒకడు, ఒడిలో గుడ్డ పరచడానికొకడు. చిటికెడు ఉప్పుకి మాత్రం దొంగా పోలీసూ ఆట!"

"ఇదిగో సూప్ కూడా పెట్టి వెళ్ళాడు. 'అడవి జ్ఞాపకం.' పుట్టగొడుగులట."

"జ్ఞాపకం అంటే ఏమో అనుకున్నా. అడవి గుర్తుంచుకుని ఉప్పు మర్చిపోయారన్న మాట. నీదాంట్లో?"

"నాదాంట్లో ఉంది. చాలా బాగుంది వదినా. నిజంగా."

"ఊఁ."

"వదినా, ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"అడిగాక చూద్దాం."

"అన్నయ్య రిటైరైన రోజు. నలభై మంది వచ్చారు. అది ఒక్కతే వండింది అందరికీ. నేనూ తిన్నా. నాకేం ఉప్పు తక్కువ అనిపించలేదు."

"సూప్ తాగు. చల్లారుతుంది."

"మాట మార్చకు."

"చల్లారుతుందంటే!"

"వదినా."

"...సరిపోయిందే."

"ఏంటి?"

"ఆ రోజు. ఉప్పు సరిపోయింది."

"మరి అందరి ముందూ అన్నావే! 'ఉప్పూ లేదు, రుచీ లేదు, ఈ చేతికి వంట రాదు, బ్యాంకులో కాగితాలు తిప్పుకోవడమే మేలు' అని?"

"అన్నాను. అప్పటికి వారం ముందే చెప్పింది నాకు, ఉద్యోగం మానేసి ఎక్కడికో వెళ్ళి వంట నేర్చుకుంటానని. ఆ రోజు ఒక్కొక్కరే తిని లేస్తూ, ఆహా అంటున్నారు, ఓహో అంటున్నారు. వాళ్ళు మెచ్చుకున్నకొద్దీ నాకు అది పెట్టె సర్దుకుంటున్న చప్పుడే వినపడింది. మా అమ్మ వెళ్ళిపోయింది. మా అక్క చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయింది. ఇదీ వెళ్తుందా అనుకున్నా. బాగాలేదంటే ఆగుతుందేమోనని, ఒక్క మాట."

"ఆగిందా?"

"గేటు చప్పుడు వినపడింది. అప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? గిన్నె దగ్గర నిలబడి, సరిపోయిన కూరలో ఉప్పు కలుపుతున్నా. నేనన్న మాట అందరూ నమ్మాలిగా."

"ఓహో! అందుకా ఆ రెండో పంక్తి వాళ్ళు ఎవరూ కూర ముట్టలేదు!"

"గేటు దాకా పదడుగులు. చేతిలో గరిటె. వదల్లేకపోయా."

"...ఏడవకు వదినా. ఆయన వస్తున్నాడు."

"ఏడుపా? పొగ."

"మన్నించాలి మేడమ్. క్యారెట్, మూడు మనఃస్థితుల్లో."

"ముందు నా మనఃస్థితి వినండి బాబూ. గంటన్నర నుంచి కూర్చున్నాను. ఉప్పు అడిగాను, దుంప మార్చారు. సీసా అడిగాను, ఊళ్ళో సీసాలన్నీ ఎత్తుకెళ్ళారు. వంటావిణ్ణి పిలవమన్నాను, క్యారెట్ తెచ్చారు. తల నెరిసినవారు, మీకు పాతికసార్లు 'మన్నించాలి' అనడం వచ్చు, ఒక్కసారి ఉప్పు తేవడం రాదా?"

"మన్నిం..."

"ఆ మాట పూర్తిచేశారో, కుర్చీ ఎక్కి అరుస్తా!"

"వదినా!"

"చెయ్యి పట్టుకోవే, ఎక్కుతా. మోకాళ్ళు సహకరించకపోతే బల్ల పట్టుకుని ఎక్కుతా."

"వద్దు మేడమ్, కూర్చోండి, కూర్చోండి. నా చేతుల్లో ఏం లేదు. లోపలి ఆర్డరు."

"ఏమని?"

"చెప్పకూడదు మేడమ్."

"కుర్చీ ఇటు జరపవే."

"చెప్తాను, చెప్తాను! కిటికీ బల్లకి ఉప్పు వెళ్ళకూడదన్నారు. మా పెద్ద వంటావిడ. మీ ఒక్క పళ్ళేనికీ విడిగా గిన్నె పెట్టుకుని ఆవిడే వండుతున్నారు, ఆలస్యం అందుకే. 'ఆవిడకి బీపీ ఉంది, ఎంత గొడవ చేసినా ఒక్క రవ్వ వెయ్యొద్దు. చుట్టుపక్కల బల్లల మీద సీసాలు కూడా తీసెయ్యండి, లేచి వెళ్ళి తెచ్చుకునే రకం' అన్నారు."

"ఇంకేమంది?"

"ఇంకేం అనలేదు మేడమ్."

"బయటికి రానందా?"

"రాననలేదు. వస్తాననీ అనలేదు. అదిగో, ఆ తలుపుకి గుండ్రటి అద్దం ఉంది చూడండి. అక్కడిదాకా నాలుగుసార్లు వచ్చి వెనక్కెళ్ళారు."

"...ఒసేయ్."

"ఊఁ."

"నాకు బీపీ వచ్చి ఎన్నేళ్ళు?"

"క్యారెట్ తిను వదినా. మూడూ బాగున్నాయి."

"మూడేళ్ళు. అది వెళ్ళి ఆరేళ్ళు. దానికెవరు చెప్పారు?"

"ఎవరో... చెప్పే ఉంటారు."

"ఎవరో అంటే?"

"...ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది నాకు. నీ మందుల చీటీ చదివించుకుంటుంది. డాక్టరు మందు మారిస్తే ఎందుకు మార్చాడని నన్ను నిలదీస్తుంది."

"ఆరేళ్ళుగానా?"

"ఆరేళ్ళుగా."

"ఒక్క ఇంట్లో ఉంటూ, ఒక్క కంచంలో తిన్నట్టు ఉంటూ, నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే, ఆ ఫోనుకీ ఉప్పు తక్కువంటావని."

"ఇవాళ మనం వస్తున్నామని కూడా చెప్పావా?"

"చెప్పా. ఈ బల్ల ఎంచింది అదే. ఆ అద్దంలోంచి తిన్నగా కనపడేది ఈ బల్లొక్కటేనట."

"కర్టెన్ కూడా అదే మూయించిందా?"

"ఎండ నీ కళ్ళలో పడుతుందని."

"మేడమ్, ఈ క్యారెట్ కూడా తీసుకెళ్ళనా? లోపల ఏమని చెప్పమంటారు?"

"పళ్ళెం మీద చెయ్యి వెయ్యకండి. నమలనివ్వండి ముందు."

"అలాగే మేడమ్."

"...కిటికీ బల్ల ముసలావిడ చెప్పిందని చెప్పండి. ఉప్పు సరిపోయిందట అని."

"కానీ మేడమ్, అందులో అసలు ఉప్పే..."

"సరిపోయిందన్నానా! ఇవాళా సరిపోయింది, ఆ రోజూ సరిపోయిందని చెప్పండి. ఆ రోజు అంటే ఏ రోజో దానికి తెలుసు."

"అంతేనా మేడమ్?"

"అంతే. కానీ నమ్మదు. పుట్టినప్పటినుంచీ ఈ నోట ఆ మాట వినలేదు పాపం. నమ్మకపోతే బయటికొచ్చి, నా నోటితోనే విని వెళ్ళమనండి."