తప్పు, మళ్లీ చదువుతున్నాను

సభకు పెద్దగా కూర్చున్న సూపరింటెండెంట్ మేడమ్ గారికి... తప్పు, మళ్లీ చదువుతున్నాను. సభకు పెద్దగా కూర్చున్న రికార్డుల విభాగం అధికారి మేడమ్ గారికి, డాక్టర్లకు, నర్సమ్మలకు, మందుల కౌంటర్ వాళ్లకు, ముందు వరసలో ఉన్న మా అత్తమ్మకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడ్డ లిఫ్ట్ వాళ్లకు నా నమస్కారాలు.

(నవ్వులు)

ఎందుకు నవ్వారో నాకు తెలుసు. తెలియనివాళ్లు పక్కవాళ్లను అడగనక్కర్లేదు, నేనే చెబుతాను. ఈ ఆసుపత్రిలోకి నేను రావడం ఇదే మొదటిసారి. నా ముఖం మీరెవరూ చూడలేదు. కానీ మెట్లు ఎక్కలేక లిఫ్ట్ ఎక్కినవాళ్లందరికీ నా గొంతు తెలుసు. ఇందాక నేనన్న మాట ఆ లిఫ్ట్‌లో ఎన్నిసార్లు విన్నారో, మీకే గుర్తుండాలి.

మా ఆయన్ని తనకు పెట్టిన ఈ అభినందన సభలో మాట్లాడమని అడిగితే, "ఇన్నాళ్లూ మాట్లాడింది మా ఆవిడే కదండీ, ఇవాళ కూడా ఆవిడే మాట్లాడుతుంది" అని తప్పించుకున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే నా వల్ల కాదన్నాను. చుట్టాలొస్తే తలుపు చాటు నుంచి మంచినీళ్లు అందించే మనిషిని నేను. అందుకే ఇదంతా కాగితం మీద రాసుకొచ్చాను. కాగితం వణికితే గాలికి అనుకోండి.

(నవ్వులు)

మా ఆయన మొదటి లిఫ్ట్ నడుపుతారు. నడిపేవారు అనాలి, రేపటి నుంచి రికార్డుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటారు. పాత లిఫ్టులు తీసేసి కొత్తవి పెడతారని, వాటి తలుపులు వాటంతటవే మూసుకుంటాయని, వాటికి మనిషి అక్కర్లేదని ముందుగా తెలిసింది ఆయనకే. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "నన్ను తీసేసి బొత్తాం పెడుతున్నారే" అన్నారు. మేము అద్దెకున్న ఇల్లు, అత్తమ్మ మందులు, అన్నీ ఆ లిఫ్ట్ మీదే నడుస్తున్నాయి. అప్పుడు ఈ మేడమ్ గారే ఆయన్ని పిలిచి, రోగుల రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయని, ఆ పనికి చదువు ఉందని, పది పాసైనవాళ్లు దూరవిద్యలో ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చని, పాసైతే తన గదిలో చోటు చూస్తానని చెప్పారట. మాట బాగానే ఉంది. ఇంట్లో కూర్చోవడానికి ఆయన ఇంట్లో ఉంటేగా?

పుస్తకాలు పోస్టులో వచ్చాయి. అత్తమ్మ కట్ట ఎత్తి చూసి, "ఇవి చదవడానికా, పచ్చడి జాడీ మీద బరువు పెట్టడానికా?" అంది. లిఫ్ట్‌లో చదువుదామంటే దీపం గుడ్డిది, పైకీ కిందికీ పోతుంటే అక్షరాలు కూడా పైకీ కిందికీ పోతాయి. అందుకని ఆయన నా చేతిలో ఫోన్ పెట్టి, "నువ్వు చదివి ఇందులో పెట్టు, నేను ఒక చెవితో వింటా" అన్నారు.

"నేను చదివింది ఐదో తరగతి కదండీ, నాకేం అర్థమవుతుంది?" అన్నాను.

"నువ్వు చదివితే చాలు. అర్థం చేసుకునే బాధ నాది."

అలా వంటింటి తలుపేసుకుని చదవడం మొదలుపెట్టాను. తెలుగు మాటలు ఎలాగో లాక్కొచ్చేదాన్ని. మధ్యలో ఇంగ్లీషు మాట తగిలిందంటే, ఒక్కో అక్షరం విడివిడిగా చదివి ఊరుకునేదాన్ని. ఒకరోజు ఇయర్‌ఫోన్ తీగ తెగి, నా గొంతు లిఫ్ట్ అంతా వినిపించిందట. అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతున్నాను, వెనకాల కుక్కర్ కూత వేసింది. స్ట్రెచర్ పక్కన నిలబడ్డ ఎవరో పెద్దాయన, "ఏ అంతస్తులో బాబూ వంట?" అని అడిగాడట. మూడో అంతస్తులో దిగబోతూ ఒక నర్సమ్మ వెనక్కి తిరిగి, "అది డిశ్చార్జ్ సమ్మరీ. రోగి ఇంటికెళ్లేటప్పుడు ఇచ్చే కాగితం" అని చెప్పి వెళ్లారట.

అదే లిఫ్ట్‌లో మేడమ్ గారూ ఉన్నారు. మా ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరయ్యా ఆ చదివేది?"

"మా ఇంట్లోవాళ్లండి."

"బాగుంది. సౌండు కాస్త తగ్గించు."

(నవ్వులు. మేడమ్ గారు కూడా నవ్వుతున్నారు.)

ఆ తీగ మేము మళ్లీ కొనలేదు. ఆ రోజు నుంచి ఎక్కినవాళ్లు ఎక్కినట్టు తలా ఒక మాట చెప్పారు. ఎక్స్‌రే గది ఆయన ఒకటి, మందుల కౌంటర్ అమ్మాయి ఒకటి. సాయంత్రం ఆయన వాటిని ఇంటికి తెచ్చి నాకు చెప్పేవారు, మర్నాడు నేను ఆ మాటను తడుముకోకుండా చదివేదాన్ని. నాకు పాఠం చెప్పినవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఇవాళ అందరూ ఒకే గదిలో ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి దండం పెడుతున్నాను.

మొదట్లో ఒక్క మాట తప్పు పలికినా మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి చదివేదాన్ని. ఒక్క పేజీకి మధ్యాహ్నమంతా పోయేది. బడిలో కూడా అంతే, పలక మీద రాసిన దానికంటే చెరిపిందే ఎక్కువ. తప్పు మాట్లాడతానేమోనని చివరికి మాట్లాడడమే మానేశాను. అలాంటి నాకు ఒక పాఠంలో ఈ సంగతి వచ్చింది. రోగి రికార్డులో తప్పు పడితే చెరపకూడదట. దాని మీద ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది కనపడాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. కంప్యూటర్లో కూడా పాతది అడుగున అలాగే ఉంటుందట. ఏం జరిగిందో రేపటి డాక్టరుకు తెలియాలి కదా, అందుకని.

ఆ పాఠం మళ్లీ మళ్లీ చదివాను. కూర అడుగంటింది. పాఠం మాత్రం చెరపలేదు. ఆ రోజు నుంచి తప్పు వస్తే, "తప్పు, మళ్లీ చదువుతున్నాను" అని ముందుకెళ్లిపోయాను.

(చప్పట్లు)

ఇక్కడ రెండో లిఫ్ట్ అన్నయ్య సంగతి చెప్పాలి. అన్నయ్యా, తల దించుకోకండి, అందరూ చూస్తున్నారు. "ఏం తమ్ముడూ, పొద్దస్తమానం పైకెళ్లినా చివరికి దిగేది కిందికే కదా, ఈ చదువెందుకు మనకి?" అని రోజూ దెప్పేవారు. కానీ పరీక్షలప్పుడు మా ఆయనకు సెలవు దొరక్కపోతే, తన లిఫ్ట్ ఆపి మొదటి లిఫ్ట్ నడిపి, రెండు వైపులా తిట్లు తిన్నది కూడా ఈయనే.

రాత పరీక్షలన్నీ గట్టెక్కాయి. ప్రాక్టికల్లో తప్పారు. ఒక రోగి వివరాలు కంప్యూటర్లో ఎక్కించమన్నారట. అన్నీ తెలుసు, ఏది ఎక్కడ రాయాలో తెలుసు, కానీ కొట్టేది ఒక్క వేలితో. ఇన్నేళ్లుగా అంతస్తు బొత్తాలు నొక్కిన చూపుడు వేలు అది, మిగతా వేళ్లకు పని చెప్పనివ్వదు. సగంలోనే టైమ్ అయిపోయింది. ఇంటికొచ్చి పుస్తకాలు అటక మీదికి విసిరారు. "మనవల్ల కాదే. కొత్త లిఫ్ట్ సామాను కింద దిగింది, చూసొచ్చా" అన్నారు.

ధైర్యం చెప్పడం నాకు రాదు. అట్టపెట్టె ఒకటి కోసి, దాని మీద కీబోర్డు గీశాను. అత్తమ్మ వంగి చూసి, "ఈ అక్షరాలు ఇలా చెల్లాచెదరుగా ఉన్నాయేమిటే? దీన్ని కనిపెట్టినవాడికి ఓనమాలు వరసగా రావా?" అంది. నవ్వు ఆపుకోవాలని చూశారు గానీ ఆయన వల్ల కాలేదు. నేను చదవడం, ఆయన అట్ట మీద కొట్టడం. చూపుడు వేలు పెత్తనం చేయకుండా అత్తమ్మ దానికి గుడ్డపీలిక చుట్టింది. ఆ అట్ట మీద అక్షరాలు అరిగి, నేను మళ్లీ మళ్లీ గీయాల్సి వచ్చింది. రెండోసారి పాసయ్యారు.

(చప్పట్లు)

కొత్త గుర్తింపు కార్డు ఆయన మెడలో ఉంది, చూడండి. దాని మీద లిఫ్ట్ అనే మాట లేదు. నాకు చాలా గర్వంగా ఉంది. ఈ మాట కాగితంలో రాసుకోలేదు, నోటికి వచ్చేసింది. ఉండనివ్వండి.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాసైన మర్నాడు మధ్యాహ్నం పని అయ్యాక అలవాటుగా వంటింటి తలుపేశాను. చేతిలో ఫోన్ ఉంది. చదవడానికి ఏమీ లేదు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేనూ సంతోషంగానే ఉన్నాను, కానీ ఆ ఫోన్ కింద పెట్టబుద్ధి కాలేదు. 

ఆ వారమే అన్నయ్య మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "చెల్లెమ్మా, ఆ పాఠాలన్నీ ఫోన్లో ఉన్నాయా?" అని అడిగారు.

"లేవన్నయ్యా. ఫోన్లో చోటు చాలక, విన్నవి విన్నట్టు ఆయన తీసేసేవారు. ఎందుకు?"

"మొదటి లిఫ్ట్ మారింది. వచ్చే ఏడాది నాది." చేతిలో సంచి కింద పెట్టారు. అందులో అవే లావు పుస్తకాలు. "డబ్బు కట్టేశా. నీ గొంతు లేకపోతే నాకు బుర్రకెక్కదమ్మా. మొదటి నుంచీ చదవాలంటే కష్టమేమో గానీ..."

కష్టమని నేను ముఖం పెట్టాలి. పెట్టలేకపోయాను.

అన్నయ్యా, రేపు మధ్యాహ్నం మొదటి పాఠం చదువుతాను. కుక్కర్ కూతా, అత్తమ్మ మాటలూ అందులో ఉంటాయి, సర్దుకోండి. అట్ట కీబోర్డు కొత్తది గీశాను, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి, గుడ్డపీలిక కూడా ఇస్తాను. మిగతావాళ్లకు నాదొక మనవి. రెండో లిఫ్ట్‌లో, అది మారేదాకా నా గొంతు వినిపిస్తుంది. ఈసారి అక్షరాలు విడివిడిగా చదవను. అయినా తడబడితే, దిగేముందు ఒక మాట చెప్పి వెళ్లండి.

మా ఆయన్ని మీ గదిలోకి తీసుకున్న మేడమ్ గారికి, పైకీ కిందికీ తిప్పుతూనే ఆయనకు చదువు చెప్పిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంతమంది ముందు మాట్లాడడం నాకిదే మొదలు. ఇందులో తప్పులుంటే చెరపకండి. మీద ఒక్క గీత గీసి ఉంచండి, పక్కన నేనే సంతకం పెడతాను.

సెలవు.