నిండు డబ్బాను నమ్మని నజీమా గారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు మూడో తేదీన మాచవరం ఆరోగ్య కేంద్రంలో ప్రయోగశాల సాంకేతిక నిపుణురాలిగా విధుల్లో చేరిన శ్రీమతి షేక్ నజీమా గారు, ఈ మాసాంతాన నరసరావుపేటలోని మా ఆసుపత్రి నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. హోదా పేరు ఎంత పొడుగున్నా, జనానికి మాత్రం ఆవిడ మొదటి రోజు నుంచీ ‘రక్తం తీసే అమ్మ’ గారే.

మాచవరంలో కరెంటు పోయినప్పుడల్లా సూక్ష్మదర్శినిని కిటికీ దగ్గరకు జరిపి, ఎండ వెలుగులోనే మలేరియా పరీక్షలు పూర్తి చేసేవారు. క్రోసూరుకు బదిలీ అయ్యాక క్షయ రోగుల కఫ పరీక్షల భారమంతా ఆవిడే మోశారు. నరసరావుపేటకు వచ్చేనాటికి యంత్రాలు వచ్చాయి, ఏసీ వచ్చింది; ఆవిడ కోపం మాత్రం చల్లారలేదు. పేరు రాయని సీసా బల్ల మీద కనబడితే ఇంతెత్తున లేచేవారు. ఆ చీవాట్లు తినని సహోద్యోగి మన ఆసుపత్రి పత్రిక ఈ సంచిక చదివేవారిలో ఎవరూ ఉండరు.

ఆ పట్టుదల విలువ మా ఆసుపత్రికి వచ్చిన రాహేలు విషయంలో అందరికీ తెలిసివచ్చింది. క్రోసూరు దగ్గరి పల్లెలో మిరపకాయలు కోసే రాహేలుకు కాళ్లూ చేతులూ కొంకర్లు పోయేవి, నడుమ నడుమ ఫిట్స్ వచ్చేవి. ఎక్కడ జారవిడుస్తుందోనని కూతురు దీప్తి తన పసివాణ్ణి ఆమె చేతికివ్వడం మానేసింది. రాహేలుకు జబ్బుకన్నా అదే పెద్ద బాధ. రక్తంలో మెగ్నీషియం బాగా తక్కువని తేలింది. మూత్రపిండాలు దాన్ని పారబోస్తున్నాయా, పేగులే ఒంటికి పట్టనివ్వడం లేదా అన్నది తెలియాలంటే ఒక పగలూ రాత్రీ మూత్రమంతా ఒకే డబ్బాలో పట్టి, మొత్తం కొలిచి, అందులో మెగ్నీషియం ఎంతో చూడాలి. డాక్టర్ శ్రీహరి గారు ఆ పరీక్ష రాశారు. నజీమా గారు డబ్బా ఇచ్చి, పద్ధతి చెప్పి పంపారు.

డబ్బా నిండుగా తిరిగొచ్చింది. నజీమా గారి ముఖం ముడుచుకుంది. చేలల్లో మరుగు దొరకదని మిరప కోతకు వెళ్లే ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గిస్తారని ఆవిడకు తెలుసు.

“ఇదంతా నీదేనా?” అని గద్దించారు.

రాహేలు మొగుడి వైపు చూసింది. ఆమె భర్త గురవయ్య నసిగాడు. “నిజం జెప్తన్నానమ్మా, డబ్బా సగం గూడా నిండలా. ఇంత తక్కువ తెచ్చారేందని డాక్టరుగారు కేకలేస్తారేమోనని నేను గూడా పోశా.”

అక్కడున్నవాళ్లందరూ పడీ పడీ నవ్వారు. నజీమా గారు నవ్వలేదు.

“నీది కలిస్తే లెక్క పెరిగి, ఆమె కిడ్నీలు చెడినట్టు తేల్తదయ్యా! లేని జబ్బుకు మందు మింగిద్దామనా?”

మళ్లీ పట్టమంటే రాహేలు ససేమిరా అంది. “నా వల్ల గాదమ్మా. ఇప్పటికే ఈ డబ్బా చూసి మా పేటంతా నవ్వుతన్నారు.”

“అయితే మా ఇంటికి రా. నవ్వేవాళ్లెవరో నేనూ చూస్తా.”

మాటల్తో సరిపెట్టలేదు, వెంటబెట్టుకుని వెళ్లారు. కొడుకు ఐజాజ్‌ను ఆ రోజుకు స్నేహితుడింటికి తరిమేశారు. అత్తగారు ఫాయిజా గారు స్నానాల గది ఎదుట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

ఈసారి వచ్చిన ఫలితంలో మెగ్నీషియం చాలా తక్కువ. అంటే మూత్రపిండాలు ఉన్నదాన్ని గట్టిగా పట్టి ఉంచుతున్నాయి, లోపం పేగుల దగ్గరే. శ్రీహరి గారు వేరే మందులేమైనా వాడుతున్నారా అని మళ్లీ అడిగారు.

“ఏం లేవు సార్, గ్యాస్ మాత్ర ఒక్కటే. అదేమన్నా మందా? ఏళ్ల తరబడి పొద్దున్నే ఏసుకుంటానే ఉందిగా!” అన్నాడు గురవయ్య.

పేగుల్లో మెగ్నీషియాన్ని ఒంటికి పట్టనివ్వనిది ఆ మాత్రేనని గుర్తించి, డాక్టరు గారు దాన్ని ఆపించి, మెగ్నీషియం ఇచ్చారు. కొంకర్లు తగ్గాయి, ఫిట్స్ ఆగిపోయాయి. మిరప కోతలు ముగిశాక రాహేలు మనవణ్ణి చంకనేసుకుని ప్రయోగశాల గుమ్మంలో నిలబడింది.

“మా దీప్తే ఎత్తుకోమని ఇచ్చిందమ్మా” అంది. నజీమా గారు కళ్లు తుడుచుకోవడం మేమందరం చూశాం. మా కళ్లూ తడిశాయి.

ఇన్నేళ్లు ఇతరుల ఆరోగ్యాన్ని కొలిచిన నజీమా గారికి ఏ పరీక్షా అవసరపడని ఆరోగ్యం కలగాలని, మనవలనూ మునిమనవలనూ ఎత్తుకునే సత్తువ ఆ చేతులకు నిండు నూరేళ్లూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.