అన్న కంబళి

లెసోతో కొండల్లో, రాతి దొడ్డిలో గుర్రానికి వీపు తిప్పి ఆమె నేలమీద కూర్చుంది. గోడ అవతల మరిది కంబళి పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, అన్న కంబళి కప్పుకో. ఆ వాసనకి గుర్రం దానంతటదే వస్తుంది."

"వద్దు. మీ అన్నే వచ్చాడనుకుంటుంది."

"అనుకోనీ! ఆయన పోయినప్పట్నుంచీ ఎవర్నీ దగ్గరకి రానివ్వట్లేదుగా. రేపు అన్న బట్టలన్నీ బంధువులకి పంచేస్తారు. ఈ కంబళి మళ్ళీ దొరకదు."

"దీనిమీద కొండ కనుమ ఎక్కాక దానికి నిజం తెలిస్తే? లోయలో పడేది నేనేగా."

"పోనీ, తాడు విసరనా?"

"మీ అన్న ఏనాడూ విసరలేదు. ఇట్లాగే కూర్చునేవాడు."

"పొద్దుగూకుతోంది వదినా, ఇంకెంతసేపు..."

"ష్! వస్తోంది. కదలకు."

"అమ్మో, నీ భుజం మీద మూతి పెట్టింది!"

"ఊ. వెచ్చగా ఉంది."

"ఏడుస్తున్నావా?"

"ఇప్పుడియ్యి ఆ కంబళి. రేపటిదాకా మా ఇద్దరిదీ."