నడిమి పంగకర్ర

ఇంటి ముందు కారు, దాని వెనక ట్రైలర్, ట్రైలర్ మీద చిన్న తెరచాప పడవ. తెరచాప కొయ్యను దించి పడవ పొడవునా పడుకోబెట్టారు. కోడలు కడుతోంది, అత్తగారు వంక పెడుతున్నారు.

“అది కట్టా, మూటా? విప్పు.”

“ఇది మూడోసారి అత్తయ్యా.”

“నాలుగోసారి బాగా కుదురుతుంది. ఆ తీగలు అలా వేలాడితే దారి పొడుగునా పడవని వాయిస్తాయి. అన్నిటినీ కొయ్యకి చేర్చి జానెడు జానెడుకీ కట్టు. దుప్పటి చింపి పీలికలిచ్చానుగా.”

“ఇచ్చారు. పూలదుప్పటి. పడవ పెళ్ళికి బయల్దేరినట్టుంది.”

“బయల్దేరనీ. ఈ ఇంట్లో దాని పెళ్ళయినా నిలబడితే...”

“అత్తయ్యా!”

“సర్లే. ముందువైపు కొయ్య ఆనే పంగలో మెత్తగా ఏమైనా వేశావా? ఇనుముకి ఒరుసుకుంటే గీతలు పడతాయి.”

“కార్పెట్ ముక్క వేశాను. వెనకా వేశాను. బెల్టు బిగించాను. అయినా అడుగుతాను, మీరు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ఈ పడవెక్కారా?”

“ఎందుకెక్కుతాను? నాకు నీళ్ళు బకెట్లో ఉన్నంతవరకే ఇష్టం. తేలడం మీ మావయ్య పని. ఇంటి నుంచి నీళ్ళదాకా కొయ్య వంగకుండా చేర్చడం నా పని.”

“పోతూ పోతూ దీన్ని నా పేర రాశారెందుకో. కొడుకుండగా.”

“కొడుకు సంగతి తెలిసే. ఎర్రగుడ్డ ఏదీ? వెనక మూడడుగులు బయటికొచ్చింది, ఎవరి కళ్ళైనా పొడుస్తుంది.”

“కట్టానుగా, అదిగో.”

“ఆఁ, కట్టావు. ముందు కట్టావు, వెనక కట్టావు. మరి నడుమ?”

“నడిమి పంగకర్ర కనపడటం లేదు.”

“కనపడకపోవడమేమిటి? వెతికావా?”

“షెడ్డంతా తిరగేశాను.”

“వాడే పట్టుకుపోయుంటాడు.”

“మీ అబ్బాయి తన పళ్ళబ్రష్షే మర్చిపోయి వెళ్ళాడు. పంగకర్ర పట్టుకెళ్తాడా?”

“అయితే నాకేం తెలుసు? నడుమ ఆధారం లేకుండా మాత్రం కదలడానికి వీల్లేదు. మొదటి స్పీడు బ్రేకరుకి ఊగుతుంది, పదోదానికి వంగుతుంది. వంగిందంటే మళ్ళీ తిన్నగా రాదు.”

“పాత టైర్లు పేర్చుతాను.”

“జారిపోతాయి.”

“దిండు?”

“అణిగిపోతుంది.”

“వడ్రంగిచేత కొత్తది చేయిస్తాను. గంట పని.”

“వడ్రంగి ఊళ్ళో లేడు.”

“నిన్న సాయంత్రం కనిపించాడే?”

“ఇవాళ లేడు.”

“అత్తయ్యా, రేపు తొమ్మిదింటికి నేను సరస్సు దగ్గరుండాలి. పిల్లలకి పడవ నడపడం నేర్పే ఉద్యోగం అంటే మళ్ళీ మళ్ళీ దొరకదు. సోమవారం బెల్టు తెగిందన్నాను, నిన్న ఎర్రగుడ్డ లేదన్నాను. రేపు కూడా రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు.”

“ఎర్రగుడ్డ లేదంటే నమ్మారా?”

“నమ్మినట్టు ఫోన్లో దగ్గారు.”

“అక్కడ నీకు వండిపెట్టేదెవరు?”

“నేనే. ఇక్కడ మాత్రం మీరొక్కరే ఎలా...”

“నాకేం? హాయిగా ఉంటాను. ఒక్కదానికి వండటమే చేతకాదు. గిన్నె నిండుతుంది.”

“మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోండి.”

“పెడతాను. తలుపు తీసినప్పుడల్లా ఆ దీపం వెలుగుతుంది. అదీ ఒక పలకరింపే.”

“ఈ బెల్టు ఇంకాస్త బిగిస్తాను.”

“వాడు వెళ్ళి ఎనిమిది నెలలు. పక్కింటావిడ అడిగింది, కొడుకు వదిలేసిన కోడలు ఇంకా నీ దగ్గరెందుకుందీ అని.”

“ఏం చెప్పారు?”

“వంట బాగా చేస్తుందన్నాను.”

“అబద్ధం.”

“పచ్చి అబద్ధం. ఇంకేం చెప్పను? అమ్మాయ్.”

“ఊఁ.”

“ఆ బెల్టు వదిలెయ్. లోపలికెళ్ళి నా మంచం కింద చూడు. గోడవైపు, పాత చాపలో చుట్టి ఉంది.”

“పంగకర్రా?”

“పదిరోజులైంది. నేనే దాచాను. ఏం, అలా చూస్తావే? తిట్టు.”

“తెలుసత్తయ్యా. ఆదివారం ఊడుస్తుంటే చీపురుకి తగిలింది.”

“ఆదివారమా! తెలిసీ ఆ షెడ్డంతా ఎందుకు తిరగేశావే? ఒక్కమాట నన్నడిగితే పోయేదిగా?”

“అడిగితే ఇచ్చేస్తారుగా.”