ఆరు పేజీలకు మూడు సర్వర్లు

నా పేరు ఎం. ఇంద్రాణి. వయసు ముప్పై నాలుగు. తండ్రి బసప్ప, గొర్రెల కాపరి. భర్త పేరు అడిగారు. ఆయన లేడు, ఉన్నా ఈ విషయంతో ఆయనకు సంబంధం లేదు. కుందుర్పి బస్టాండు ఎదురుగా జిరాక్సు, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. గొర్రెల పెంపకందారుల సంఘం వెబ్‌సైటు పని నాలుగేళ్లు చూశాను. 2025 ఏప్రిల్ 24, గురువారం ఉదయం 11 గంటలకు ఎస్.ఐ. గారు పిలిపించగా స్టేషనుకు వచ్చి, శశిధర్ ఇచ్చిన ఫిర్యాదు గురించి నాకు తెలిసింది చెబుతున్నాను.

ఆ సైటులో ఉండేవి ఆరు పేజీలు. చుట్టుపక్కల గొర్రెలు నీళ్లు తాగే సిమెంటు తొట్లు పంతొమ్మిది. నీళ్లున్న తొట్టికి ఆకుపచ్చ, ఎండిన తొట్టికి ఎరుపు. కాపరుల్లో చాలామందికి చదువు రాదు కాబట్టి రంగులు పెట్టాను. మిగతా పేజీల్లో టీకాల రోజులు, పశువుల డాక్టరు నంబరు, అలాంటివి. ట్రాక్టరుతో తొట్లు నింపే తిప్పయ్య రోజూ ఉదయం ఐదున్నరకు ఫోన్ చేసి చెప్పేవాడు. నేను రంగులు మార్చి ఫైలు పైకి పంపేదాన్ని. నాలుగు నిమిషాల పని.

ఫైళ్లను క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచుకునే చోట ఉంచాను. సర్వర్ అద్దెకు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని ఎస్.ఐ. గారు అడిగారు. అవసరం లేక. రాసిపెట్టిన పేజీని అడిగినవాళ్లకు ఇవ్వడానికి ఒక యంత్రం రాత్రింబవళ్లు మేలుకొని కూర్చోనక్కరలేదు. ఎవరైనా చూస్తే ఫైలు వెళుతుంది. చూడకపోతే ఏదీ నడవదు. ఆరు పేజీలూ కలిపినా ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంత బరువు లేవు. నాలుగేళ్లలో ఒక్క రోజు ఆగలేదు.

గత జనవరిలో సంఘం అధ్యక్షుడు గంగాధరప్ప అనంతపురం నుంచి వెబ్‌సైట్లు చేసే శశిధర్‌ను పిలిపించాడు. ఆయన ప్రొజెక్టరు తెచ్చాడు. ఆ రోజు సంఘం గదిలో కరెంటు లేదు. ల్యాప్‌టాప్ చుట్టూ పదకొండు మందిని నిలబెట్టి చూపించాడు. "ఇది వెబ్‌సైటు కాదు మేడమ్, కరపత్రం," అని నాతో అన్నాడు. అవును, మాకు కరపత్రమే కావాలి అన్నాను. నవ్వాడు. లక్ష మంది ఒకేసారి వచ్చినా తట్టుకోవాలన్నాడు. మా వైపు గొర్రెల కాపరులు లక్ష మంది లేరు. రోజుకు నాలుగు వందల ఫోన్లకు మించి ఎవరూ చూడరని నా దగ్గరున్న వివరాలు చూపించాను. గంగాధరప్ప నా వైపు చూడకుండా, "ఆయప్ప సదువుకొన్నోడు ఇంద్రాణీ. నువ్వు జిరాక్సులు చూసుకో పో," అన్నాడు.

ఫిబ్రవరి 3న ఆరు పేజీలకు మూడు సర్వర్లు పెట్టారు. వాటి వెనక వివరాలు దాచే ఒక డేటాబేస్. ఎవరూ చూడని వేళ కూడా అన్నీ నడుస్తూనే ఉండేవి. చెంబెడు నీళ్లు పోయడానికి మూడు ట్యాంకర్లను ఇంజను ఆపకుండా నిలబెట్టడం మా వైపు బడి ముఖం చూడనివాడు కూడా చేయడు. సైటు తెరవగానే తెర మీద ఒక గొర్రెపిల్ల పరుగెత్తేది. అది మా గొర్రె కూడా కాదు. ఒళ్లంతా తెల్లటి ఉన్ని, ఏ చలిదేశానిదో. అది పరుగెత్తడం అయ్యేదాకా రంగులు కనిపించేవి కావు.

సర్వర్ల అద్దెకు ఏడాదికని పెట్టిన ఖర్చు పరిమితి పది వారాల్లో అయిపోయింది. ఏప్రిల్ 15, మంగళవారం ఉదయం 6.40కి సర్వర్లు ఆగిపోయాయి. పరిమితి దాటితే వాటంతటవే ఆగేలా శశిధరే పెట్టాడు. ఆగితే ఎవరికి తెలియాలో మాత్రం పెట్టలేదు. ఫోన్లలో నిలవ ఉన్న ముందు పేజీ మాత్రం తెరుచుకునేది. రంగులు ఉండాల్సిన చోట ఒక చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉండేది.

6.52కి శశిధర్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. 10.15కి తనే చేసి, పెళ్లిలో ఉన్నానని, సోమవారం చూస్తానని చెప్పాడు. వెంటనే గంగాధరప్ప దగ్గరికి వెళ్లాను. పాత ఫైళ్లు నా దగ్గరున్నాయి, సైటు పేరు, అంటే దాన్ని తెరవడానికి కొట్టే అడ్రసు, మొదటి నుంచీ నా పేరు మీదే రిజిస్టరై ఉంది, ఫిబ్రవరిలో వాళ్ల సర్వర్ల వైపు తిప్పిన ఆ పేరును మళ్లీ నా ఫైళ్ల వైపు తిప్పడం పది నిమిషాల పని అని చెప్పాను. "సోమవారం దాకా ఆగమ్మా. ఆయప్పకు చెడ్డపేరు వస్తాది. నువ్వు చెయ్యి పెట్టొద్దు," అన్నాడు.

నేను ఆగాను. 16న ఆగాను. 17న ఆగాను. అధ్యక్షుడి మాటకు భయపడి ఆగారా అని ఎస్.ఐ. గారు అడిగారు. కాదు. గంగాధరప్పకు నేను భయపడను. ఆ చక్రం అట్లాగే తిరగనీ, శశిధర్ పనితనం అందరూ చూడనీ అనుకున్నాను. షాపుకు వచ్చినవాళ్లకు ఫోను తెరిచి చూపించి నవ్వాను కూడా.

17వ తేదీ సాయంత్రం 4 గంటలకు ఈశ్వరి ఫోన్ చేసింది. ఆమె మామ కుళ్లాయప్ప, వయసు అరవై ఒకటి, కొండకింద తొట్టి దగ్గర పడిపోయాడని చెప్పింది. ఆ తొట్టి 14 నుంచి ఎండి ఉంది. నా పేజీ ఉంటే ఎరుపు కనిపించేది. ఆయన నలభై మూడు గొర్రెలను ఏడు కిలోమీటర్లు తోలుకొని పోయి, పది గంటల నుంచి మూడు దాకా ఎండలో కూర్చున్నాడు. తిప్పయ్య ఆ దారిన వస్తూ చూసి ట్రాక్టరులో ఎక్కించుకున్నాడు. తొమ్మిది గొర్రెలు తొట్టి దగ్గర పడి చచ్చిపోయాయి. వాటిలో ఒకటి తొట్టి లోపల పడి ఉంది.

6.20కి కల్యాణదుర్గం ఆసుపత్రికి వెళ్లాను. ఆయనకు సెలైన్ పెట్టారు. నన్ను గుర్తుపట్టాడు. ఎండిన తొట్టి దగ్గర అంతసేపు ఎందుకు కూర్చున్నావని అడిగాను.

"చక్రం తిరుగుతాండె పాపా. ట్యాంకరు వస్తాండాదేమో అనుకొని ఆడనే కూచుంటి," అన్నాడు.

ఈ మాట ఎస్.ఐ. గారు రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండుసార్లూ అదే చెప్పాను.

18వ తేదీ ఉదయం ఐదున్నరకు తిప్పయ్య చేత పంతొమ్మిది తొట్ల సంగతి చెప్పించుకొని రంగులు మార్చాను. 5.41కి సైటు పేరును నా ఫైళ్ల వైపు తిప్పాను. ఏడు గంటలకల్లా చాలా ఫోన్లలో రంగులు కనిపించాయి. ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు. శశిధర్ సర్వర్ల జోలికి పోలేదు. ఆగిపోయినవాటితో నాకేమి పని? దీన్ని ఆయన నాలుగు పేజీల ఫిర్యాదులో సైబర్ దాడి అని రాశాడు. ఆ నాలుగు పేజీల్లో కుళ్లాయప్ప పేరు లేదు.

22వ తేదీ సాయంత్రం గంగాధరప్ప మా షాపుకు వచ్చాడు. సైటు పేరు వాళ్లకు రాసిచ్చి, నేను చెయ్యి పెట్టినందువల్లే సైటు ఆగిందని ఒప్పుకుంటే శశిధర్ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడని చెప్పాడు. "రెండు మాటలు రాసిచ్చెయ్యమ్మా, అయిపోతాది," అన్నాడు. రాస్తాను, ఆసుపత్రికి పోయి కుళ్లాయప్పకు నువ్వే చదివి వినిపించన్నా అన్నాను. తెప్పించిన టీ తాగకుండా వెళ్లిపోయాడు.

విచారణ అయ్యేదాకా సైటు ఆపమని ఎస్.ఐ. గారు అన్నారు. ఆపను. నన్ను ఇక్కడే ఉంచుకున్నా ఆగదు. ఈశ్వరికి నేర్పించాను. ఏడో తరగతిలో బడి మానేసింది. గంటలో నేర్చుకుంది. నిన్న, ఈ రోజు రంగులు మార్చింది ఆమే. ఈ రోజు ఒక తొట్టికి తప్పు రంగు పెట్టి, తనే చూసుకొని వెంటనే దిద్దింది. శశిధర్‌కు అది చేతకాలేదు.

కుళ్లాయప్ప ఇంటికి వచ్చాడు. ఎడమ చెయ్యి ఇంకా సరిగా లేవడం లేదు. మిగిలిన గొర్రెలను ఈశ్వరి తోలుకుపోతోంది.

ఫిర్యాదులో నేరం జరిగిన తేదీ 18 అని ఉంది. 16, 17 తేదీలు కూడా రాయమని అడిగాను. వాటితో కేసుకు పని లేదని ఎస్.ఐ. గారు అన్నారు. ఆ రెండు రోజులూ పది నిమిషాల పని నా చేతిలో ఉంది, నేను చేయలేదు. రాయందే సంతకం పెట్టనన్నాను. రాశారు.

రాసిన కాగితాలు నేనే చదువుకున్నాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ చెప్పించలేదు. ఇందులో ఉన్నది నేను చెప్పిందే, చెప్పింది నిజమే.

(సంతకం) ఎం. ఇంద్రాణి
24–04–2025, మధ్యాహ్నం 1.35