మ్యాపు కింద ఒక్క వరస

ఊరికే ఇచ్చినదానికి మన పేరు చెప్పమని అడగవచ్చా అన్న సందేహం నన్ను ఏళ్ళుగా వదలలేదు. ఆ ఉదయం జపంలో ఉండగా ముందుగదిలోంచి మా తమ్ముడి గొంతూ, మా అక్క భర్త బావగారి గొంతూ వినిపించాయి.

"బావా, మీ డెలివరీ యాప్‌లో ఉన్నది మా వాలంటీర్లం ఉచితంగా గీసిన మ్యాపే."

"వీధులు ఎవరు గీసినా ఒకటేనోయ్."

"మెట్లదారిని నేను పొరపాటున రోడ్డుగా గీశాను. మీ బళ్ళన్నీ అక్కడికే వెళ్ళి ఆగుతున్నాయి."

"ఎవరైనా వాడుకోవచ్చని మీరే రాశారుగా?"

"అమ్ముకోవచ్చనీ రాశాం. గీసినవాళ్ళ పేరు వేయాలనీ రాశాం. మీరు పేరు వేయకుండా వాడుకుంటూ నాలుగేళ్ళయింది. ఇవాళ మీ కంపెనీకి ఫిర్యాదు పంపుతున్నాం."

"మ్యాపు పని చూసేది నేను. పంపితే పోయేది నా ఉద్యోగమే. ఆ మాట మీ అక్కకు చెప్పు."

"చెప్పాను. పంపమంది."

బావగారి కీబోర్డు చాలాసేపు టకటకలాడింది.

"ఇంద, చూసుకో. మ్యాపు కింద మీ అందరి పేరూ వేశాను."


"అక్షరాలు చిన్నవైనా కనిపిస్తున్నాయి బావా. చాలు."