దారం నిలవని గొడుగు

అంతేలెండి, మీకేం, ముక్కులో గొట్టం పెట్టించుకుని కళ్లు మూసుకున్నారు. అడిగేవాళ్లంతా నన్నే అడుగుతున్నారు, ఆపరేషన్ చెయ్యమంటారా వద్దంటారా అని. నాకేం తెలుసండీ? ఇన్నేళ్లూ మీ టిఫిన్ డబ్బా సర్దడం తప్ప?

పోనీ ఎవరో అయితే సరే. మీ పొడుగు శిష్యుడే వచ్చాడు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బి పలచబడిందట, ఏ క్షణమైనా చిట్లుతుందట. ఈ చుట్టుపక్కల ఆ ఆపరేషన్ మొదట చేసింది మీరు, అతనికి నేర్పింది మీరు. అంత మనిషీ నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"కోస్తే కుట్టు నిలుస్తుందో లేదో చెప్పలేనమ్మా" అన్నాడు.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలియదూ? మీ నాన్నగారిది.

మామయ్యగారి గొడుగులు బాగుచేసే కొట్టు నేను కాపురానికొచ్చేనాటికి ఇంకా ఉంది. ఇద్దరు లోపలుంటే మూడోవాడు రోడ్డు మీద నిలబడాలి. బడి వదిలాక మీ మకాం అక్కడేనట, బలపం కంటే ముందు సూది పట్టారట. ఆయన ఏ గొడుగైనా ముందు విప్పి వెలుతురుకు పట్టేవారు. బట్ట జల్లెడలా కనబడిందా, మడిచి చేతికిచ్చేసేవారు. బతిమాలినా వినేవారు కాదు. దీనికి దారం నిలవదు, కుడితే ఉన్నదీ చిరుగుతుంది అనేవారు.

కుట్టడం కాలేజీలో నేర్చుకున్నారేమో గానీ, ఎప్పుడు కుట్టకూడదో మీకు ఆ కొట్లోనే వచ్చింది. అవునా, కాదా?

అందుకేగా మీ దగ్గర చేరిన కొత్త డాక్టరు పిల్లలందరి చేతా గొడుగు బట్టలు కుట్టించి పైన చెంబుడు నీళ్లు పోసేవారు! చుక్క కారితే విప్పాల్సిందే. వెనకాల గొడుగు మాస్టారని నవ్వుకునేవాళ్లు. మధ్యలో కావాలనే చివికిన బట్ట ఒకటి ఇచ్చేవారు కదా. దాన్ని కుట్టకుండా తెచ్చి మీ బల్ల మీద పెట్టింది ఈ పొడుగతనొక్కడే. ఆ రోజు మీరు ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డారో.

మీరైతే ఏమనేవారో అతనికి తెలుసు. నాకూ తెలుసు. అందుకే నా మొహం చూడలేక నేల చూశాడు.

కానీ అత్తయ్యగారి గొడుగు ఒకటుంది కదండీ. బట్ట పూర్తిగా చివికిపోయినా మామయ్యగారు ఎందుకో దాన్ని మాత్రం మడిచి ఇవ్వలేకపోయారు. కూర్చుని కుట్టారు. అది కారేదట. ఆవిడ గుమ్మంలోనే కొంగుతో తల తుడుచుకుని లోపలికొచ్చేవారట. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. వంటింట్లో నాకొక్కదానికే చెప్పారు.

ఇందాక అతనికి చెయ్యమని చెప్పేశానండీ. మీరు వద్దంటారని తెలిసే చెప్పాను. ధైర్యం కాదు, ఆశ కూడా పెద్దగా లేదు. మిమ్మల్ని అలా మడిచి నా చేతికిచ్చేస్తే, నేనెక్కడ పెట్టుకోను?

లేచాక తిట్టండి. పడతాను.